చాట్‌రూమ్‌లో మీ ఐపీ అడ్రస్ అందరికీ కనిపిస్తోందా? ఐఆర్‌సీలో హోస్ట్ దాచుకోవడం ఎలా

రాత్రి పదకొండు దాటింది. చెరువు గట్టు మీద షెడ్డులో ఉన్న నాన్న ఫోన్ చేశారు. "ఏరా, ఆ కెమెరా తిప్పేది నువ్వేనా?" అన్నారు. నేను కాదు. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని, లాప్‌టాప్‌లో ఒక ఐఆర్‌సీ చానల్ తెరిచి, పాత ఫోన్‌కి కస్టమ్ రామ్ వేసే విషయం మీద ఎవడితోనో వాదన పెట్టుకుని ఉన్నాను. కెమెరా యాప్ తెరవనే లేదు.

రెండు నిమిషాల తర్వాత ఆ వాదన పెట్టుకున్నవాడే చానల్‌లో ఒక ఫొటో లింక్ పడేశాడు. తెరిచి చూస్తే మా చెరువు. తిరుగుతున్న ఏరియేటర్లు, మేత బస్తాలు, షెడ్డు పక్కన నాన్న టీవీఎస్ ఎక్సెల్. కింద ఒకే ముక్క రాశాడు, చెరువు బాగుంది అని.

మాది బంటుమిల్లి దగ్గర పల్లెటూరు. నేను ఉండేది విజయవాడ పటమటలో, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు జరిగింది ఇది. రొయ్యల చెరువు ఉన్నవాళ్ళకి తెలుసు, రాత్రి పూట ఏరియేటర్ ఆగితే తెల్లారేసరికి పంట తేలిపోతుంది. అందుకే నాన్న కెమెరాలు పెట్టించారు, వాటిని విజయవాడ నుంచి నేను కూడా చూడాలని కేబుల్ ఆపరేటర్‌కి నెలకి కాస్త ఎక్కువ కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నాం. కెమెరా బిగించడానికి వచ్చినవాడు రౌటర్‌లో పోర్ట్ తెరిచి, డీవీఆర్‌కి కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌నే ఉంచేసి పోయాడు. నేను చూసుకోలేదు. తప్పు నాదే.

అయితే అసలు ప్రశ్న అది కాదు. ప్రపంచంలో ఎక్కడో ఉన్న ఆ మనిషికి మా ఇంటి ఐపీ అడ్రస్ ఎవరిచ్చారు? ఎవరో కాదు, నేనే ఇచ్చాను. ఐఆర్‌సీలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ, చానల్‌లో ఉన్న అందరికీ, అడక్కుండానే.

అసలు ఎందుకు కనిపిస్తుంది?

ఐఆర్‌సీ అంటే ఇంటర్నెట్ రిలే చాట్. వాట్సాప్ పుట్టకముందు, యాహూ మెసెంజర్ కంటే కూడా ముందు, 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీలో యార్కో ఓయికారినెన్ తయారుచేశాడు. 1995లో విండోస్ కోసం ఎంఐఆర్‌సీ వచ్చాక ఇది మామూలు జనంలోకి పాకింది. మన దగ్గర డయలప్ మోడెమ్ కీచుమనే రోజుల్లో నెట్ సెంటర్‌లో కూర్చుని చాటింగ్ చేసిన అన్నయ్యలని, బాబాయిలని అడగండి, ఎంఐఆర్‌సీ అనగానే మొహం వెలుగుతుంది.

ఇప్పుడు ఎవరు వాడుతున్నారంటారా? ఓపెన్ సోర్స్ వాళ్ళు. ఫోన్‌కి లీనియేజ్ ఓఎస్ వేసుకునేవాళ్ళు, లినక్స్ డిస్ట్రోల డెవలపర్లు, వికీపీడియన్లు. ఇంజనీరింగ్ కాలేజీలో లినక్స్ గ్రూపులో తిరిగిన కుర్రాళ్ళకి సీనియర్లు మొదట చెప్పేది ఇదే, డౌట్ ఉంటే ఐఆర్‌సీకి వెళ్ళి అడుగు అని. నేనూ అలా వెళ్ళినవాణ్ణే.

1988లో ఈ నెట్‌వర్క్‌లో ఉన్నవి యూనివర్సిటీల కంప్యూటర్లు. ఎవరు ఏ మెషీన్ నుంచి వచ్చారో అందరికీ కనిపించడం అప్పట్లో ప్రమాదం కాదు, పరిచయం. మన ఊళ్ళో కొత్తవాడు కనబడితే "ఎవరబ్బాయివి?" అని అడుగుతారు చూడండి, అలాంటిదే. అందుకే ఐఆర్‌సీలో ప్రతి మనిషికీ మూడు ముక్కల గుర్తింపు ఉంటుంది. మొదట నిక్‌నేమ్, ఆశ్చర్యార్థకం, యూజర్‌నేమ్, ఆ తర్వాత @ గుర్తు, చివర్లో హోస్ట్. ఇలా:

కిట్టు!కిట్టు@203.0.113.57

దీన్ని హోస్ట్‌మాస్క్ అంటారు. (ఈ నంబర్ ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన రేంజ్‌లోది, ఎవరిదీ కాదు.) మీరు చానల్‌లోకి రాగానే ఈ లైన్ మొత్తం అక్కడున్న ప్రతివాడి స్క్రీన్ మీదా పడుతుంది. చాలా యాప్‌లు అందంగా ఉండాలని దాన్ని దాచి, కిట్టు వచ్చాడు అని మాత్రమే చూపిస్తాయి. అక్కడే మోసపోతాం. మన ఫోన్‌లో కనిపించడం లేదు కాబట్టి ఎవరికీ కనిపించడం లేదనుకుంటాం.

హోస్ట్ చోట నేరుగా ఐపీ ఉండొచ్చు, లేదా రివర్స్ డీఎన్‌ఎస్ పేరు ఉండొచ్చు. మన నెట్ కంపెనీ తన ఐపీలకి పేర్లు పెట్టుకుని ఉంటే సర్వర్ ఆ పేరు చూపిస్తుంది. ఆ పేరులో కంపెనీ పేరు, ఒక్కోసారి మన ఐపీ అంకెలు కూడా ఉంటాయి. పేరు మారింది కదా, ఐపీ దాగిందిలే అనుకోవద్దు, ఆ పేరుని తిరిగి ఐపీగా మార్చడానికి ఒక్క కమాండ్ చాలు.

మీది ఎలా కనిపిస్తుందో చూసుకోవాలంటే స్లాష్ కొట్టి హూఈజ్ అని, పక్కన మీ నిక్ టైప్ చేయండి. (కమాండ్లన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.) ఒక చిక్కు ఉంది. కొన్ని నెట్‌వర్క్‌లలో దాచిన తర్వాత కూడా మీ అసలు ఐపీ మీకు మాత్రం కనిపిస్తుంది. అది చూసి కంగారు పడకండి. ఖచ్చితంగా తెలియాలంటే ఫ్రెండ్‌ని మీ మీద హూఈజ్ కొట్టమనండి.

ఐపీ తెలిస్తే ఏం చేస్తాడు?

యూట్యూబ్‌లో చెప్పినట్టు ఐపీ పెట్టి మీ ఇంటి గుమ్మం దాకా రాలేడు. లొకేషన్ సైట్లలో మా పల్లెటూరి ఐపీ కొడితే విజయవాడ అనో హైదరాబాద్ అనో చూపిస్తుంది. ఇంటి అడ్రస్ తెలిసేది నెట్ కంపెనీకి, దాని ద్వారా పోలీసులకి.

కానీ తలుపులు తట్టి చూడగలడు. ఏ పోర్ట్‌లు తెరిచి ఉన్నాయో స్కాన్ చేస్తాడు. డీవీఆర్, రౌటర్ అడ్మిన్ పేజీ, ఇంట్లో పెట్టుకున్న ఫైల్ సర్వర్, ఏది బయటికి కనిపిస్తే దాని మీద పడతాడు. నా విషయంలో జరిగింది ఇదే. మా కెమెరా గిర్రున తిరగడానికి పెద్ద హ్యాకింగ్ ఏమీ అవసరం కాలేదు, బ్రౌజర్ చాలింది.

రెండోది డీడాస్. చెత్త ట్రాఫిక్ కుమ్మరించి లైన్ ముంచేయడం. ఐఆర్‌సీకి దీనితో పాత పగ ఉంది. 2002, 2003 ప్రాంతంలో డాల్‌నెట్ అనే పెద్ద నెట్‌వర్క్ ఈ దాడులతోనే దాదాపు కుప్పకూలింది. ఇంటి లైన్ ఎంత? చిన్న కేబుల్ ఆపరేటర్ దగ్గర ఒక్క కస్టమర్ మీద దాడి జరిగినా పక్క వీధి వాళ్ళ నెట్ కూడా పోతుంది. మొబైల్ డేటాలో ఐపీ మారుతూ ఉంటుంది కాబట్టి కొంత నయం. స్టాటిక్ ఐపీ అంటే మాత్రం ఈ రోజు తెలిసిన నంబర్ వచ్చే ఏడాది కూడా పనికొస్తుంది.

క్లోక్ అంటే ఏంటి, లోపల ఏం జరుగుతుంది

హోస్ట్ స్థానంలో వేరే రాతని చూపించడమే క్లోక్. ఇది నెట్‌వర్క్‌ని బట్టి రెండు మూడు రకాలుగా ఉంటుంది.

ఒకటి, అకౌంట్‌తో వచ్చేది. అండర్‌నెట్‌లో ఎక్స్ అనే బాట్ దగ్గర లాగిన్ అయి ప్లస్ ఎక్స్ మోడ్ పెట్టుకుంటే మీ హోస్ట్ చోట యూజర్‌నేమ్ డాట్ యూజర్స్ డాట్ అండర్‌నెట్ డాట్ ఆర్గ్ అని వస్తుంది. క్వేక్‌నెట్‌లోనూ ఇదే పద్ధతి. ఓఎఫ్‌టీసీలో నిక్‌సర్వ్‌కి సెట్ క్లోక్ ఆన్ అని చెప్పాలి. ఈఎఫ్‌నెట్ లాంటి పాతకాలపు నెట్‌వర్క్‌లో నిక్‌సర్వ్ అనేదే ఉండదు, అక్కడికి వెళ్తే మీ ఏర్పాటు మీరే చేసుకుని వెళ్ళాలి.

రెండోది, నాకు బాగా నచ్చేది, అన్‌రియల్ ఐఆర్‌సీడీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ చేసే పద్ధతి. మీరు రిజిస్టర్ చేసుకోకపోయినా కనెక్ట్ అవ్వగానే ఐపీని గందరగోళం చేసి చూపిస్తుంది. ఇందులో తెలివి ఎక్కడుందో చూడండి.

చానల్ నడిపేవాళ్ళకి ఒక బాధ ఉంటుంది. అల్లరి చేసేవాణ్ణి బ్యాన్ చేయాలంటే హోస్ట్ కావాలి. అందరి హోస్ట్‌లూ ఇష్టం వచ్చినట్టు మార్చి చూపిస్తే ఎవణ్ణి ఆపాలి? పైగా రౌటర్ ఆపి వేస్తే ఐపీ చివరి అంకె మారిపోతుంది, మళ్ళీ దూరతాడు. అందుకే పాత పద్ధతిలో మొత్తం రేంజ్‌ని బ్యాన్ చేసేవాళ్ళు. ఐపీ దాచాలి, రేంజ్ బ్యాన్ మాత్రం పనిచేయాలి. ఇదీ లెక్క.

దీనికి వాళ్ళు చేసింది, ఐపీని మూడు సార్లు హ్యాష్ చేయడం. మొదటి ముక్క నాలుగు అంకెల గుంపులూ కలిపి చేసిన హ్యాష్. రెండో ముక్క మొదటి మూడు గుంపులది. మూడో ముక్క మొదటి రెండు గుంపులది. ఈ మూడింటినీ చుక్కలతో కలిపి చివర ఐపీ అని తగిలిస్తారు. మీ చివరి అంకె మారితే మొదటి ముక్క మాత్రమే మారుతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి. అంటే అసలు నంబర్ ఎవరికీ తెలియకుండానే, ఈ ముక్క ఉన్నవాళ్ళందరూ బయటికి అని ఆపరేటర్ చెప్పగలడు. ఐపీవీ6కి కూడా ఇదే ఆలోచన, మొదటి 64 బిట్లు ఒక్కటే అయితే మూడో ముక్క ఒక్కటే ఉంటుంది.

ఇందులో రహస్య కీ లేకపోతే మొత్తం వృథా. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం కలిపితే 429 కోట్లు. పెద్ద సంఖ్యలా ఉంటుంది గానీ గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఎండీ5 లాంటి హ్యాష్‌లని సెకనుకి వందల కోట్లు లెక్కిస్తుంది. అన్ని ఐపీల హ్యాష్‌లూ కట్టి పోల్చుకుంటే టీ తాగేలోపు మీది దొరికిపోతుంది. అందుకే హ్యాష్ చేసే ముందు నెట్‌వర్క్ నడిపేవాళ్ళకి మాత్రమే తెలిసిన కీలని కలుపుతారు, నెట్‌వర్క్‌లోని సర్వర్లన్నిటిలోనూ అవే కీలు ఉంటాయి. ఆ కీలు బయటపడితే ఆ నెట్‌వర్క్‌లో అందరి క్లోకూ గాలిలో దీపమే. అన్‌రియల్ చాలాకాలం ఎండీ5 వాడింది, ఆరో వెర్షన్ నుంచి ఎస్‌హెచ్ఏ256కి మారింది.

ఇక్కడ మన డెల్టా సంగతి ఒకటి చెప్పాలి. 2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ని వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, లోకల్ కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్ళకిచ్చారు. పల్లెల్లో నెట్ ఇలా పాకినప్పటి నుంచీ కుర్రాళ్ళు ఒక మాట తరచు వింటున్నారు, సీజీనాట్ అని. ఐపీవీ4 నంబర్లు చాలక, నెట్ కంపెనీలు చాలామంది కస్టమర్లని ఒకే పబ్లిక్ ఐపీ వెనక నిలబెడతాయి. మీ రౌటర్‌లో వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు ఆ గుంపులో ఉన్నట్టే, ఆ రేంజ్‌ని 2012లో దీనికోసమే కేటాయించారు.

సీజీనాట్ వెనక ఉన్నవాడి మీద బయటనుంచి నేరుగా పడటం కష్టం, తలుపు తట్టినా తెరుచుకునేది కంపెనీ తలుపే. ఆ లెక్కన అది ఒకరకం ముసుగు. కానీ మీ పక్కింటివాడు ఏదో చానల్‌లో బూతులు తిట్టి బ్యాన్ తెచ్చుకుంటే, మీరూ లోపలికి వెళ్ళలేరు. మా ఫ్రెండ్ ఒకడికి గుడివాడలో ఇలాగే అయింది. "నేనేం చేశాను మావా?" అని వాడు, వీడెవడో తెలియని ఆపరేటరు, ఇద్దరిదీ తప్పు కాదు. అకౌంట్ క్లోక్ ఉంటే ఆపరేటర్లు ఐపీ మీద కాకుండా అకౌంట్ పేరు మీదే బ్యాన్ వేయగలరు, పక్కింటివాడి పాపం మీకు చుట్టుకునే అవకాశం తగ్గుతుంది. మా ఇంటికి వచ్చేసరికి, స్టాటిక్ ఐపీ కోసం డబ్బులు కట్టి మరీ ఆ సీజీనాట్ గుంపులోంచి బయటికి వచ్చాం!

లిబెరా చాట్‌లో నేను చేసింది

ఓపెన్ సోర్స్ చానళ్ళు చాలావరకు లిబెరా చాట్‌లో ఉన్నాయి. అంతకుముందు ఫ్రీనోడ్‌లో ఉండేవి. 2021 మే 19న ఫ్రీనోడ్ వాలంటీర్లు మూకుమ్మడిగా బయటికొచ్చి లిబెరా మొదలుపెట్టారు, ప్రాజెక్టులు చాలావరకు వాళ్ళ వెనకే వచ్చేశాయి. పాత గైడ్‌లలో అన్‌అఫిలియేటెడ్ క్లోక్ అని కనిపిస్తే అది ఫ్రీనోడ్ కాలం నాటిదని అర్థం, ఇప్పుడు లిబెరాలో వచ్చేది యూజర్, స్లాష్, మీ అకౌంట్ పేరు.

ముందు అకౌంట్ పేరు ఆలోచించుకోండి. క్లోక్‌లో అదే కనిపిస్తుంది. ఐపీ దాచి, అకౌంట్‌కి సొంత పేరు, పుట్టిన సంవత్సరం పెట్టుకునేవాళ్ళని చూశాను. కనెక్ట్ అయ్యాక స్లాష్ మెసేజ్ నిక్‌సర్వ్ రిజిస్టర్, పక్కన పాస్‌వర్డ్, ఆ పక్కన ఈమెయిల్. ఈ వరసలోనే. ఇది చానల్ విండోలో కాకుండా సర్వర్ విండోలో కొట్టండి. స్లాష్ మర్చిపోయి పాస్‌వర్డ్‌ని వందమంది ముందు చదివి వినిపించినవాళ్ళు ఐఆర్‌సీలో ప్రతి రోజూ ఒకరుంటారు. ఈమెయిల్‌కి ఒక కమాండ్ వస్తుంది, దాన్ని తెచ్చి కొడితే అకౌంట్ ఖాయం. తర్వాత నేను హ్యాష్ లిబెరా హైఫన్ క్లోక్ అనే చానల్‌లోకి వెళ్ళి, ఆశ్చర్యార్థకం పెట్టి క్లోక్‌మీ అన్నాను. బాట్ అక్కడికక్కడే క్లోక్ తగిలించింది.

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళకి ఇంకో దారి ఉంది. వికీమీడియా వాళ్ళకి గ్రూప్ క్లోక్‌లు ఉన్నాయి, అక్కడ కొంతకాలంగా మార్పులు చేస్తున్నవాళ్ళు అడిగితే వికీమీడియా, స్లాష్, యూజర్‌నేమ్ అనే రూపంలో ఇస్తారు.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. కాలేదు. అసలు గొయ్యి ఇక్కడే ఉంది.

క్లోక్ మీ అకౌంట్‌కి అంటుకుని ఉంటుంది, మీ ఫోన్‌కి కాదు. ఫోన్ కనెక్ట్ అయి, ముందు చానల్‌లోకి వెళ్ళి, ఆ తర్వాత నిక్‌సర్వ్‌కి లాగిన్ అయిందనుకోండి. ఆ రెండు సెకన్లలో అసలు ఐపీ చానల్‌లో పడిపోయింది. అంతేనా, లాగిన్ అవ్వగానే సర్వర్ మిమ్మల్ని హోస్ట్ మారుతోంది అని బయటికి పంపి, కొత్త క్లోక్‌తో లోపలికి తెస్తుంది. పాత హోస్ట్ ఒక లైన్‌లో, కొత్త క్లోక్ కింద లైన్‌లో. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఫొటోలా పక్కపక్కనే పెట్టి చూపించినట్టు. ఫోన్‌లో ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే బందరు రోడ్డులో బస్సెక్కితే సిగ్నల్ తెగి అతుక్కున్న ప్రతిసారీ మళ్ళీ కనెక్ట్ అవుతుంది.

దీనికి మందు ఎస్ఏఎస్ఎల్. కనెక్షన్ పూర్తయ్యే ముందే లాగిన్ అయిపోవడం అన్నమాట. చానల్‌లోకి అడుగుపెట్టేసరికే క్లోక్ ఒంటి మీద ఉంటుంది. హెక్స్‌చాట్‌లో నెట్‌వర్క్ లిస్ట్‌లో ఎడిట్ నొక్కితే లాగిన్ మెథడ్ దగ్గర ఎస్ఏఎస్ఎల్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అనే ఆప్షన్ ఉంటుంది. (హెక్స్‌చాట్ 2024 ఫిబ్రవరిలో చివరి వెర్షన్ ఇచ్చి ఆగిపోయింది, నా లాప్‌టాప్‌లో ఇప్పటికీ బాగానే నడుస్తోంది.) ఆండ్రాయిడ్‌లో నేను వాడేది రివల్యూషన్ ఐఆర్‌సీ, అందులో సర్వర్ సెట్టింగ్స్‌లోనే ఆథెంటికేషన్ దగ్గర ఎస్ఏఎస్ఎల్ ఎంచుకోవచ్చు. పోర్ట్ 6697 పెట్టి టీఎల్‌ఎస్ ఆన్ చేయండి. లాగిన్ ఫెయిలైతే కనెక్షన్ ఆపేసే ఆప్షన్ మీ యాప్‌లో ఉంటే అది కూడా పెట్టుకోండి, లేకపోతే పాస్‌వర్డ్ తప్పు కొట్టిన రోజు ముసుగు లేకుండా లోపలికి పోతారు.

క్లోక్ ఉన్నా ఐపీ కారే చోట్లు

డీసీసీ అనేది ఐఆర్‌సీలో ఫైల్ పంపుకునే పాత పద్ధతి. పేరులోనే ఉంది, క్లయింట్ నుంచి క్లయింట్‌కి నేరుగా. సర్వర్ మధ్యలో ఉండదు, కాబట్టి క్లోక్ కూడా ఉండదు. మీరు ఫైల్ పంపితే మీ ఐపీని మీరే అవతలివాడికి రాసిచ్చినట్టు. నేను పూర్తిగా ఆపేశాను.

లింకులు ఇంకా తేలిక. ఎవడైనా తన సొంత సర్వర్‌లో ఒక పేజీ పెట్టి, ఇది చూడు బ్రో అని మీకు మాత్రమే పంపితే, మీరు నొక్కగానే మీ ఐపీ వాడి లాగ్‌లో పడుతుంది. కొన్ని యాప్‌లు నొక్కకుండానే ప్రివ్యూ బొమ్మ తెస్తాయి, అంటే లింక్ చూసినా చాలు. ప్రివ్యూ ఆపేయండి.

యూజర్‌నేమ్ ముక్క సంగతి అందరూ మర్చిపోతారు. @ గుర్తు ముందు ఉండేది చాలా యాప్‌లలో కంప్యూటర్ లాగిన్ పేరు. నాది చూసుకుంటే నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. రియల్ నేమ్ అనే గడి కూడా అంతే, హూఈజ్‌లో కనిపిస్తుంది. క్లోక్ ఈ రెండిటినీ ముట్టుకోదు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది పాత రాత. క్లోక్ వెనక్కి పనిచేయదు. సర్వర్ కొంతసేపు పాత హోస్ట్‌ని గుర్తుంచుకుంటుంది, హూవాజ్ కమాండ్‌తో చూడొచ్చు. అది పోతుంది గానీ, చానల్‌లో ఉన్నవాళ్ళ కంప్యూటర్లలో లాగ్‌లు ఏళ్ళ తరబడి ఉంటాయి. కాబట్టి నేను మర్నాడే కేబుల్ ఆపరేటర్ దగ్గరికి వెళ్ళి ఐపీ మార్చమన్నాను. ఆయన అదోలా చూసి, "మొన్న మారనిది కావాలన్నారు, ఇవాళ మార్చమంటున్నారు, ఏంటి తమ్ముడూ?" అన్నాడు. నిజమే కదా. సాయంత్రానికి మార్చాడు.

వీపీఎన్, టోర్, బౌన్సర్

క్లోక్ దాచేది మిగతా యూజర్ల నుంచి మాత్రమే. నెట్‌వర్క్ స్టాఫ్‌కి మీ ఐపీ కనిపిస్తుంది, మీరు లిబెరాకి కనెక్ట్ అయ్యారని మీ నెట్ కంపెనీకి తెలుస్తుంది. ఎవణ్ణైనా బెదిరించి క్లోక్ వెనక దాక్కోవచ్చనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు, అది మంచిదే.

స్టాఫ్‌కి కూడా తెలియకూడదంటే వీపీఎన్. మన దేశంలో సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఐపీలు ఐదేళ్ళు దాచి ఉంచాలి. అందుకే నార్డ్, ఎక్స్‌ప్రెస్, ప్రోటాన్ లాంటివి ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఉచిత వీపీఎన్ యాప్‌ల గురించి నా అభిప్రాయం, చానల్‌లో వందమందికి తెలిసే ఐపీని దాచడానికి మొత్తం ట్రాఫిక్‌ని ఊరూపేరూ లేనివాడి చేతిలో పెట్టడం. నేను పెట్టను. టోర్ ద్వారా రావడానికి లిబెరా దారి ఇచ్చింది గానీ, ముందే అకౌంట్, ఎస్ఏఎస్ఎల్ ఉండాలి.

నేను చివరికి వాడుతున్నది బౌన్సర్. జెడ్ఎన్‌సీ, సోజు అనేవి పేరున్నవి. అద్దె సర్వర్ మీద అది ఎప్పుడూ ఐఆర్‌సీలో కూర్చుని ఉంటుంది, మన ఫోన్ దానికి కనెక్ట్ అవుతుంది. బయటికి కనిపించేది ఆ సర్వర్ ఐపీ, దాని పైన క్లోక్. బస్సులో సిగ్నల్ పోయినా చానల్‌లో ఎవరికీ తెలియదు, పోయిన మెసేజ్‌లు కూడా దొరుకుతాయి. సర్వర్ నడపడం రానివాళ్ళకి ఐఆర్‌సీక్లౌడ్ అదే పనిని యాప్‌లా చేస్తుంది.

ఐఆర్‌సీ వాడనివాళ్ళు నాకేంటిలే అనుకోవద్దు. వాట్సాప్ కాల్స్ మామూలుగా ఇద్దరి ఫోన్ల మధ్య నేరుగా వెళ్తాయి, అంటే అవతలివాళ్ళకి మీ ఐపీ తెలుసుకునే వీలుంది. 2023 నవంబర్ నుంచి సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అడ్వాన్స్‌డ్ లోపల కాల్స్‌లో ఐపీ అడ్రస్ దాచే ఆప్షన్ ఇచ్చారు. టెలిగ్రామ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో కాల్స్ దగ్గర పీర్ టు పీర్ అని ఉంటుంది, కాంటాక్ట్స్‌కి మాత్రమే అనో ఎవరికీ వద్దనో పెట్టుకోవచ్చు. ఆన్ చేస్తే వాయిస్ కాస్త తగ్గొచ్చు, నాకైతే పెద్ద తేడా తెలియలేదు.

ఇక డీవీఆర్. ఆ రాత్రి ఫోన్ పెట్టేసి మొదట చేసింది క్లోక్ కాదు, రౌటర్‌లోకి వెళ్ళి పోర్ట్ ఫార్వర్డింగ్ మూసేయడం. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను. వారం తర్వాత ఇంట్లో మూల పడి ఉన్న రాస్ప్‌బెర్రీ పై మీద వైర్‌గార్డ్ పెట్టాను. ఇప్పుడు బయటికి తెరిచి ఉన్నది అదొక్కటే, సరైన కీ లేనివాడు తట్టినా అది పలకదు, అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. పటమట నుంచి ఫోన్‌లో వైర్‌గార్డ్ ఆన్ చేసి చెరువు చూసుకుంటున్నాను.

అప్పుడప్పుడు రాత్రి పూట ఏరియేటర్ల వైపు కెమెరా తిప్పుతాను. తిప్పిన నిమిషంలో ఫోన్ మోగుతుంది. "ఏరా, నువ్వేనా?"

"నేనే నాన్నా."

"సరే, మూడో ఏరియేటర్ చప్పుడు మారింది, చూడు."